బైపాస్ తర్వాత నాన్న వీపు

ఆపరేషన్ అయినవాళ్ళకి నొప్పంతా కోత పెట్టిన చోటే ఉంటుందనుకుంటాం. నాన్నకి గుండె బైపాస్ అయ్యాక, ఐసీయూ నుంచి వార్డుకి తెచ్చిన రోజున "ఎక్కడ నొప్పి నాన్నా?" అనడిగితే ఆయన చెయ్యి ఛాతీ వైపు పోలేదు. "రెక్కల మధ్య అమ్మాయ్. వెనకనించి మేకు దిగేసినట్టుంది" అన్నాడు. అప్పట్నుంచి ఆయన ఇంటికొచ్చి కోలుకునేదాకా ఆ రెక్కల మధ్య చోటు చుట్టూనే మా ఇంట్లో అందరి ఆలోచనా తిరిగింది. బైపాస్ కోసం పేషెంట్‌ని తీసుకెళ్ళబోయే వాళ్ళు ఎవరైనా ఇది చదువుతారేమోనని, అక్కడ నేర్చుకున్నది వివరంగా రాస్తున్నాను.

మాది చీరాల. నాన్న నేతపని చేస్తాడు. కుప్పడం చీరలు నేసే చెయ్యి ఆయనది. చిన్నతనం నుంచీ మగ్గం గుంటలో కూర్చుని, ఒక చేత్తో తాడు లాగి పోగు మోసే నాడె ఆడిస్తూ, ఇంకో చేత్తో పేకని, అంటే అడ్డపోగుని, దగ్గరికి కొడుతూ బతికాడు. అలాంటి మనిషి వీపు ఎలా ఉంటుందో నేతన్నల ఇళ్ళలో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. కుడి భుజం ఎడమదానికంటే కిందికి ఉంటుంది, మెడ కింద కండ రాయిలా ఉంటుంది. ఆ వీపు మీదికి ఈ ఆపరేషన్ వచ్చి పడింది.

గుండెకి రక్తం తీసుకెళ్ళే నాళం మూసుకుపోతే, ఒంట్లో ఇంకోచోట తీసిన నాళంతో పక్కదారి వెయ్యడమే బైపాస్. అందులో ఛాతీ మధ్య ఎముకని రంపంతో నిలువునా కోస్తారు. రెండు సగాల్నీ ఎడంగా లాగి పట్టుకునే స్టీలు పరికరం ఒకటి పెట్టి, గుండె మీద పని అయ్యేదాకా గంటల తరబడి అలాగే ఉంచుతారు. ముందువైపు ఛాతీ విచ్చుకున్నప్పుడు పక్కటెముకలు వెనక వెన్నుపూసలతో కలిసే కీళ్ళ మీద, ఆ మధ్యనున్న కండరాల మీద ఒత్తిడి పడుతుంది. పని అయ్యాక ఎముకని స్టీలు తీగలతో కట్టేసి కుట్లు వేస్తారు. ఆ తర్వాత మనిషి వెల్లకిలా తప్ప పడుకోలేడు. గాయాన్ని కాచుకోవడానికి తెలియకుండానే భుజాలు ముందుకి ముడుచుకుంటాడు. కోత ముందు ఉంటే నొప్పి వెనక ఎందుకుందని మా అమ్మ కంగారుపడింది. స్కూల్లో జీవశాస్త్రం చెప్పేదాన్ని కాబట్టి ఆమెకి ఒక కాగితం మీద పక్కటెముకల పంజరం బొమ్మ గీసి చూపించాను. నాకు కూడా గీసిన తర్వాతే బాగా అర్థమైంది.

ఈ నొప్పిని ఓర్చుకుంటే పోతుందిలే అనుకోకూడదు. నొప్పి వల్ల మనిషి లోతుగా ఊపిరి తీసుకోడు, దగ్గడు. దగ్గకపోతే కఫం లోపలే ఉండిపోతుంది, ఊపిరితిత్తుల అడుగుభాగం సరిగ్గా విచ్చుకోదు, అక్కణ్ణుంచి నిమోనియా దాకా పోవచ్చు. అందుకే మూడు బంతులుండే ప్లాస్టిక్ పరికరం ఒకటి చేతికిచ్చి గంటగంటకీ పీల్చమంటారు. దగ్గేటప్పుడు ఛాతీకి దిండు గట్టిగా హత్తుకోమంటారు. నాన్న మొదటి బంతి లేపేవాడు. రెండోది కదిలేలోపు వీపు పట్టేసేది, నోట్లోంచి గొట్టం తీసేసేవాడు. నర్సు వచ్చి "సున్నా నుంచి పది దాకా మీ నొప్పి ఎంత?" అనడిగితే ఆయనకి ఆ లెక్క ఎక్కేది కాదు. "పదహారణాలూ ఉందమ్మా" అనేవాడు. ఆ అమ్మాయి నవ్వి, నా వైపు చూసి, చార్టులో పది రాసుకునేది.

ఫిజియోథెరపీ అమ్మాయి ఒకామె రోజూ వచ్చేది. పాతికేళ్ళుంటాయేమో. ఆమె నాన్న భుజం మీద చెయ్యి వేసి చూసి, రౌండ్స్‌లో సర్జన్‌ని అడిగి, మర్నాడు వచ్చి "అక్కా, మీరు చేస్తారా, నేను చూపిస్తాను" అంది. ఆ రోజు ఆమె చూపించిన పద్ధతి ఇది.

నాన్నని కుర్చీలో కూర్చోబెట్టాం. ఎదురుగా భోజనం పెట్టే చక్రాల బల్ల, దాని మీద రెండు దిండ్లు. మోచేతులు దిండ్ల మీద ఆనించి, నుదురు కూడా వాటి మీద వాల్చాడు. ఛాతీ కోసినవాళ్ళని బోర్లా పడుకోబెట్టకూడదు కాబట్టి వీపు చేతికందాలంటే ఇదే దారి. చేతులు పైకెత్తించకూడదు, వెనక్కి లాగకూడదు. మెడ దగ్గర, పొట్ట దగ్గర గొట్టాలేమైనా ఉంటే అవి ఎటు పోతున్నాయో ముందు చూసుకోవాలి. తర్వాత నా అరచేతులు ఒకదానితో ఒకటి రుద్ది వేడి చేసుకోమంది. మెడ మొదట్లో రెండు అరచేతులూ ఆనించి, వెన్నెముకకి చెరో పక్కన, ఎముక మీద కాకుండా కండ మీద, కిందికి మెల్లగా జార్చాలి. నడుము దాకా వెళ్ళి, పక్కలనుంచి మళ్ళీ పైకి రావాలి. ఆ తర్వాత రెక్క ఎముక లోపలి అంచుకీ వెన్నుకీ మధ్య బొటనవేళ్ళతో చిన్న చిన్న సున్నాలు చుట్టాలి. ఎక్కడా పొడవకూడదు, తట్టకూడదు, గుద్దకూడదు. మెడ పక్కల్లో, దవడ కింద నాడి కొట్టుకునే చోట అసలు నొక్కకూడదు.

"ఇంత మెల్లగానా? ఇది నిమిరినట్టే ఉంది కదా" అన్నాను. "అంతే అక్కా. అంకుల్ గుండెకి రక్తం పలచబడే మందులు వేసుకుంటున్నారు. గట్టిగా నొక్కితే నల్లగా కమిలిపోతుంది" అంది. నొప్పి మాత్ర పనిచెయ్యడం మొదలయ్యాక, అంటే వేసిన అరగంటకో ఇంకాస్త తర్వాతో ఇది చెయ్యమంది. అయిపోగానే బంతుల పరికరం చేతికివ్వమంది. ఈ వరస చాలా ముఖ్యం. మాత్ర, తర్వాత చేతులు, వెంటనే ఊపిరి, దగ్గు. వీపు వదులైన ఆ కాసేపట్లోనే చేయించాల్సిన పని చేయించుకోవాలి.

ఆ సాయంత్రం నాన్న రెండో బంతిని లేపి కాసేపు నిలబెట్టాడు. దిండు హత్తుకుని దగ్గాడు, కఫం వచ్చింది. ఇంతకాలం తరగతిలో శ్వాసవ్యవస్థ పాఠం చెబుతూ వచ్చాను గానీ, కఫం బయటికొస్తే ఇంత సంతోషం కలుగుతుందని ఎరగను. "ఇప్పుడెంత నాన్నా?" అంటే కాసేపు లెక్కేసుకుని "పదహారుకి పదణాలుంటుంది" అన్నాడు.

ఇంటికొచ్చాక దీని మీద ఏమైనా పరిశోధన ఉందా అని వెతికాను. ఉంది. అమెరికాలో మాజీ సైనికుల ఆస్పత్రులు రెండింటిలో చేశారు, ఒకటి మిషిగన్‌లోని ఆన్ ఆర్బర్‌లో, ఇంకోటి ఇండియానాపోలిస్‌లో. ఛాతీ ఎముక కోసిన ఆపరేషన్లు, పెద్ద పొట్ట ఆపరేషన్లు అయిన 605 మంది అందులో పాల్గొన్నారు. వాళ్ళని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకి మామూలు వైద్యం. రెండో జట్టు దగ్గరికి మసాజ్ చేసే మనిషి వచ్చి 20 నిమిషాలు కూర్చుని వెళ్ళడమే, ఒంటి మీద చెయ్యి వెయ్యరు. మూడో జట్టుకి సాయంత్రంపూట 20 నిమిషాలు వీపు మసాజ్, ఆపరేషన్ తర్వాత ఐదు రోజుల దాకా. ఫలితాలు 2007 డిసెంబరులో ఒక సర్జరీ పత్రికలో వచ్చాయి. మామూలు వైద్యం జట్టుతో పోలిస్తే మసాజ్ జట్టుకి చేయించుకున్న వెంటనే నొప్పీ ఆందోళనా తగ్గాయి. మొదటి నాలుగు రోజుల్లో నొప్పి తగ్గే వేగం కూడా వాళ్ళలోనే ఎక్కువ.

ఆ రెండో జట్టుని పెట్టిన తీరు నాకు చాలా నచ్చింది. పక్కన మనిషి ఉన్నందువల్ల కలిగే ఊరట వేరు, చెయ్యి తగలడం వల్ల కలిగేది వేరు. ఆ రెండూ కలిసిపోకుండా చూడాలని ముందే ఆలోచించారు. మా పదో తరగతి పిల్లలకి ప్రయోగంలో 'నియంత్రణ', అంటే పోల్చి చూసుకోవడానికి ఇంకో జట్టు, ఎందుకు పెట్టాలో చెప్పడానికి ఇప్పుడు ఈ ఉదాహరణే వాడుతున్నాను.

అదే పరిశోధనలో ఇంకో మాట కూడా ఉంది, దాన్ని దాచకూడదు. మసాజ్ చేయించుకున్నవాళ్ళు వాడిన నొప్పి మందులు తగ్గలేదు. ఆస్పత్రిలో ఉన్న రోజులూ తగ్గలేదు. ఇది మందుకి తోడుగా పనికొస్తుంది, మందుకి బదులు కాదు. మా బంధువు ఒకాయన చూడ్డానికొచ్చి "చేత్తో తగ్గుతుంటే ఇక ఆ మాత్రలెందుకు, కిడ్నీలు పాడవుతాయి" అన్నాడు. మర్యాదగానే కాదన్నాను గానీ లోపల భయమేసింది. ఇలాంటి మాట విని మాత్ర ఆపేసే ఇళ్ళు ఎన్నో ఉంటాయి. మాత్ర ఆపాలా, తగ్గించాలా అన్నది డాక్టర్ చెప్పాలి.

చెయ్యి తగిలితే నొప్పి ఎందుకు తగ్గాలి? గుమ్మానికి తల కొట్టుకుంటే వెంటనే అక్కడ రుద్దుకుంటాం. ఆ పని ఎందుకు పనిచేస్తుందో 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు ఒక సిద్ధాంతంగా చెప్పారు. నొప్పి కబురు మోసే నరాలు సన్ననివి. స్పర్శ, ఒత్తిడి కబురు మోసేవి లావువి, వేగమైనవి. రెండూ వెన్నుపాముకే చేరతాయి. అక్కడ ఒక తలుపులాంటి ఏర్పాటు ఉందనీ, స్పర్శ కబుర్లు ఎక్కువగా వస్తుంటే నొప్పి కబురు పైకి పోకుండా ఆ తలుపు కొంత మూసుకుంటుందనీ వాళ్ళన్నారు. తర్వాతి కాలంలో దానికి చాలా సవరణలు జరిగాయి గానీ మూల ఆలోచన ఇంకా నిలిచే ఉంది. ఇంకో సంగతి: వెంట్రుకలుండే చర్మంలో, అంటే వీపులో, ముంజేతిలో, మెల్లగా నిమిరితేనే బాగా పలికే నరాలు కొన్ని ఉన్నాయి. సెకనుకి 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో చెయ్యి జారితే అవి బాగా స్పందిస్తాయి, గబగబా రుద్దితే అంతగా పలకవు. ఇది చదివాక ఫిజియో అమ్మాయి నా చేతులు పట్టుకుని మరీ "మెల్లగా, ఇంకా మెల్లగా" అని ఎందుకందో తెలిసింది.

ఇక కాళ్ళ సంగతి. మన ఇళ్ళలో జబ్బుపడ్డ మనిషి మంచం దగ్గర కూర్చోగానే చెయ్యి దానంతటదే కాళ్ళ మీదికి పోతుంది. వేటపాలెం నుంచి మా మేనత్త వచ్చింది. సంచిలో ఆముదం సీసా, వెల్లుల్లి వేసి కాచిన నువ్వుల నూనె ఇంకో సీసా. తమ్ముణ్ణి చూసి ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, దుప్పటి తీసి ఎడమకాలి పిక్క పట్టుకోబోయింది. "అత్తా, ఆగు" అని చెయ్యి పట్టుకున్నాను. బైపాస్‌కి కావలసిన రక్తనాళం చాలామందికి కాలి లోపలివైపు నుంచే తీస్తారు. నాన్నకి ఎడమకాలికి మడమ పైనుంచి మోకాలు దాటేదాకా కోత ఉంది. వాపు కూడా ఉంది.

కోత లేని కాలినైనా ఆపరేషన్ అయిన కొత్తల్లో పిక్కలు ఒత్తకూడదు. మనిషి కదలకుండా పడుకోవడం వల్ల పిక్క లోతుల్లోని రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. ఒత్తితే ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తులకి చేరితే ప్రాణం మీదికొస్తుంది. ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, ఎర్రగా, నొప్పిగా ఉంటే చెయ్యి వెయ్యకుండా డాక్టర్‌కి చెప్పాలి. బైపాస్ ఒక్కదానికే కాదు, మోకాలు మార్పిడికీ, గర్భసంచి తీసేసిన ఆపరేషన్‌కీ, అన్నిటికీ ఇదే మాట. ఇంటికొచ్చే చుట్టాలకి ఇది చెప్పడానికి మొహమాటపడకండి.

అత్త చిన్నబుచ్చుకుంది. తను ఎనిమిదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు చంకనేసుకుని తిరిగిన తమ్ముడు, ఒక్కసారి కాళ్ళు పట్టనివ్వకపోతే ఎలా ఉంటుంది మరి. ఆమెకి నాన్న అరచేతులు అప్పజెప్పాను. వేళ్ళు ఒక్కొక్కటీ మొదలునుంచి కొసకి సాగదీస్తూ, అరచెయ్యి మధ్యలో బొటనవేలితో గుండ్రంగా రాస్తూ కూర్చుంది. నేతగాడి చేతులు కదా, దారం కోసిన కాయలు ఎన్నున్నాయో. ఇద్దరూ పాత సంగతులు, చనిపోయిన మా తాతగారి అప్పుల సంగతులు చెప్పుకున్నారు. ఆ పూట నాన్న నొప్పి ఊసెత్తలేదు. నూనె సీసాలు మాత్రం గాయం మానేదాకా మూత తియ్యలేదు. కుట్ల దగ్గరికి ఏ నూనే, ఏ పసుపూ పోకూడదు.

ఇంకొన్ని జాగ్రత్తలు ఇక్కడే చెప్పేస్తాను. జ్వరం ఉన్నా, గాయంలోంచి రసి కారుతున్నా మసాజ్ వద్దు. ఛాతీ ఎముక దగ్గర కదిలినప్పుడు టక్కుమన్నట్టు అనిపిస్తే వెంటనే చూపించాలి. ఎముక సరిగ్గా అతుక్కోవడం లేదేమో. ఛాతీ మీద బరువు పెట్టినట్టుండే నొప్పి, చేతికో దవడకో పాకడం, చెమటలు, ఆయాసం ఇవి కనిపిస్తే మసాజ్ సంగతి వదిలేసి ఆస్పత్రికి పరుగెత్తాలి.

కుట్లు తీసి, పెచ్చులన్నీ వాటంతటవే రాలి, గాయం పూర్తిగా మూసుకున్నాక రెండో రకం మసాజ్ మొదలవుతుంది. అది మచ్చకి చేసేది. మచ్చ కింద కొత్తగా ఏర్పడే కణజాలం మొదట్లో అడ్డదిడ్డంగా అల్లుకుంటుంది, కింది పొరలకి అతుక్కుపోతుంది. అది సర్దుకోవడానికి ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. నాన్నకి ఛాతీ మచ్చకన్నా కాలి మచ్చే ఇబ్బంది పెట్టింది. మడమ దగ్గర చర్మం బిగుసుకుపోయి, గొంతుక్కూర్చోబోతే లాగేది. డాక్టర్ సరేనన్నాక కొబ్బరినూనె చుక్క వేలికి రాసుకుని, మచ్చ మీద వేలు ఆనించి, చర్మాన్ని కదిలించేలా పైకీ కిందికీ, అటూ ఇటూ, గుండ్రంగా ఐదు నిమిషాలు, రోజుకి రెండుసార్లు. వేలు చర్మం మీద జారిపోకూడదు, చర్మమే వేలితో కదలాలి. మచ్చ లావెక్కుతూ, దురదపెడుతూ, అంచులు దాటి పెరుగుతుంటే అది కీలాయిడ్ కావచ్చు. ఛాతీ మధ్య అవి రావడం మామూలే, మన ఒంటిరంగు వాళ్ళకి ఇంకాస్త ఎక్కువ. అప్పుడు రుద్దడం ఆపి చర్మం డాక్టర్‌కి చూపించాలి.

కాలి లోపలివైపు నాన్నకి ఒకచోట తిమ్మిరి, దాని పక్కనే పంచె అంచు తగిలినా చురుక్కుమనేది. రక్తనాళం పక్కనే పోయే చర్మపు నరం దెబ్బతింటే అలా అవుతుంది. దీనికి రకరకాల స్పర్శలు అలవాటు చెయ్యమన్నారు. ముందు దూది, తర్వాత మెత్తటి గుడ్డ, ఆ తర్వాత తువ్వాలు. నాన్నకి ఇది వినగానే హుషారొచ్చింది. దూది అక్కర్లేదని మగ్గం దగ్గర్నుంచి పట్టు పోగులు కొన్ని తెప్పించుకున్నాడు. ముందు పట్టుతో రాసుకునేవాడు, తర్వాత సన్న నూలు, ఆ తర్వాత ముతక నూలు. కళ్ళు మూసుకుని, ఏది తగులుతోందో కాలితో గుర్తుపట్టేవాడు. వేళ్ళతో పోగు తడిమి, అది ఎంత సన్ననిదో తెలిపే నంబరు చెప్పగల మనిషి, అదే పరీక్ష తన కాలికి పెట్టుకున్నాడు. వైద్యం ఆయన చేతికి అలవాటైన పనిలోకి వచ్చి పడింది, అందుకే ఒక్కపూట కూడా మానలేదు. పేషెంట్‌కి వ్యాయామం అంటగట్టేముందు ఆ మనిషి బతుకులో దానికి దగ్గరగా ఏముందో చూడాలని నాకు అప్పుడు గట్టిగా అనిపించింది.

నాకు గట్టిగా అనిపించే ఇంకో మాట ఉంది. మన ఆస్పత్రుల్లో ప్రతి పేషెంట్ పక్కనా ఇంటిమనిషి ఒకరు ఉంటారు. రాత్రంతా స్టూల్ మీద కూర్చుని, మందుల చీటీ పట్టుకుని పరుగెత్తి, ఇడ్లీ తెచ్చి, మిగతా వేళల్లో నిస్సహాయంగా చూస్తూ ఉంటారు. ఆ మనిషికి చెయ్యి ఎక్కడ పెట్టొచ్చో, ఎక్కడ పెట్టకూడదో చెప్పేవాళ్ళు చాలాచోట్ల ఉండరు. ఆ అమ్మాయి మాకు నేర్పడానికి పావుగంట పట్టి ఉంటుంది. పక్క మంచం వాళ్ళ కోడలు కూడా నిలబడి చూసి, సర్జన్‌ని అడిగి, మామగారికి చేసింది. పెద్ద ఆపరేషన్ చేసే ప్రతిచోటా డిశ్చార్జి కాగితంతో పాటు, ఇంకా ముందే, ఈ పావుగంట పాఠం ఉండాలి. అది లేకపోతే మీరే అడగండి. "డాక్టర్‌గారూ, వీపుకి మెల్లగా మసాజ్ చెయ్యొచ్చా? ఏ చోటు ముట్టుకోకూడదు?" అన్న రెండు ప్రశ్నలు చాలు.

మొన్న మా స్కూల్లో హిందీ టీచర్ వాళ్ళమ్మాయికి సిజేరియన్ అయింది. మీ నాన్నగారికి చేసినట్టు మా పిల్లకీ చెయ్యొచ్చా అని అడిగింది. సిజేరియన్ అయినవాళ్ళకి చేతులకీ పాదాలకీ మసాజ్ చేసి చూసిన పరిశోధనలు కూడా ఉన్నాయి, వాటిల్లోనూ నొప్పి తగ్గింది. పిక్కల జోలికి పోకుండా పాదం వరకే, ఒక్కో పాదానికీ ఒక్కో చేతికీ ఐదేసి నిమిషాలు, పాపకి పాలు పట్టే ముందు చేస్తే బాగుంటుందని చెప్పాను. పాలిచ్చేటప్పుడు వంగి వంగి మెడ, భుజాలు పట్టేస్తాయి కాబట్టి కూర్చోబెట్టి అక్కడా మెల్లగా నిమరొచ్చు. బాలింతకి నూనె అంటించడానికి వచ్చే ఆమెని మాత్రం పొట్ట ముట్టుకోవద్దని మొదటిరోజే చెప్పమన్నాను. కుట్ల మచ్చ సంగతి ఆరు వారాల చెకప్‌లో డాక్టర్‌ని అడిగాకే.